బానిస నౌకల నిరోధం: అంతర్జాతీయ ఒప్పందాలలో సాక్ష్యం సమస్య (1815–1862)

కీలకపదాలు: బానిస వ్యాపారం, మిశ్రమ న్యాయస్థానాలు, సామగ్రి నిబంధన, సోదా హక్కు, విముక్తులు.

1. ఉపోద్ఘాతం:
బ్రిటన్ 1807లో తన పౌరులకు బానిస వ్యాపారాన్ని నిషేధించింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బానిసల దిగుమతిపై నిషేధం 1808 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 1815 ఫిబ్రవరి 8న వియన్నా సమావేశంలో ఎనిమిది రాజ్యాలు ఈ వ్యాపారాన్ని మానవత్వానికి విరుద్ధమని ఖండించాయి. అయితే ఆ ప్రకటనలో గడువు లేదు. అమలు యంత్రాంగమూ లేదు. ఖండన అమలుగా మారిన క్రమాన్ని, ఆ అమలుకు ఏర్పడిన పరిమితులను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సోదా హక్కు – మిశ్రమ న్యాయస్థానాలు:
బ్రిటన్ 1817లో పోర్చుగల్, స్పెయిన్‌లతోను, 1818లో నెదర్లాండ్స్‌తోను ఒప్పందాలు చేసుకుంది. వీటి ద్వారా పరస్పరం నౌకలను సోదా చేసే హక్కు లభించింది. ఒప్పందం లేనిదే శాంతికాలంలో పరదేశ నౌకను ఆపరాదని ‘లె లూయీ’ అనే ఫ్రెంచి నౌక వ్యాజ్యంలో 1817లోనే బ్రిటిష్ న్యాయస్థానం తీర్పునిచ్చింది. పట్టుబడిన నౌకల విచారణకు ఫ్రీటౌన్, హవానా, రియో డి జనీరో, సురినామ్‌లలో ఇరుదేశాల న్యాయాధికారులతో మిశ్రమ న్యాయస్థానాలు ఏర్పడ్డాయి. న్యాయాధికారుల మధ్య ఏకాభిప్రాయం కుదరనప్పుడు చీటీ వేసి మధ్యవర్తిని ఎంచుకునేవారు.

3. నిబంధనలోని లోపం:
తొలి ఒప్పందాల ప్రకారం నౌకలో బానిసలు ఉన్నప్పుడే దానిని పట్టుకోవాలి. సంకెళ్లతో, నీటి పీపాలతో ఆఫ్రికా తీరాన వేచి ఉన్న ఖాళీ నౌక చట్టం దృష్టిలో నిర్దోషి. బందీలే సాక్ష్యం కావడంతో, పట్టుబడే ప్రమాదం ఎదురైనప్పుడు వారిని సముద్రంలోకి తోసివేసిన ఉదంతాలూ ఉన్నాయి. నేరాన్ని నిరూపించవలసిన నిబంధనే బాధితుల ప్రాణాలకు ముప్పుగా పరిణమించింది.

4. సామగ్రి నిబంధన:
ఈ లోపాన్ని నెదర్లాండ్స్‌తో 1823లోను, స్పెయిన్‌తో 1835 జూన్ 28 నాటి ఒప్పందంలోను సవరించారు. సంకెళ్లు, గాలి కోసం జాలీలు అమర్చిన మూతలు, అదనపు అంతస్తు వేయడానికి సిద్ధం చేసిన పలకలు, నావికుల అవసరానికి మించిన నీటి పీపాలు, అసాధారణమైన పెద్ద వంటపాత్ర – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది ప్రాథమిక సాక్ష్యమే. నిర్దోషిత్వాన్ని నిరూపించుకునే భారం నౌక యజమానిపై పడింది. శిక్షకు గురైన స్పానిష్ నౌకలను విడగొట్టాలన్న షరతు కూడా చేరింది.

దాంతో వ్యాపారులు పోర్చుగీసు జెండాను ఆశ్రయించారు. బ్రిటన్ 1839లో ఏకపక్ష చట్టంతో దానినీ అడ్డుకోగా, 1842లో పోర్చుగల్ కొత్త ఒప్పందానికి అంగీకరించింది. బ్రెజిల్‌పై 1845లో ఇటువంటి చట్టమే వచ్చింది. 1850లో బ్రెజిల్ తానే నిరోధక చట్టం చేసి అమలుచేసింది. సోదాను వ్యతిరేకిస్తూ వచ్చిన అమెరికా 1862లో గానీ దానికి సమ్మతించలేదు. అంతవరకు ఆ దేశ జెండా బానిస వ్యాపారులకు రక్షణగా నిలిచింది.

5. విముక్తుల స్థితి:
మిశ్రమ న్యాయస్థానాలు 600కు పైగా వ్యాజ్యాలను విచారించి, దాదాపు 80,000 మందికి విముక్తి కల్పించాయి. కానీ హవానాలో విడుదలైనవారిలో అనేకులను ‘ఎమాన్సిపాదో’లనే పేరుతో ఏళ్ల తరబడి నిర్బంధ చాకిరికి అప్పగించారు. తీర్పు పత్రంలో స్వేచ్ఛ లభించినా, వారి జీవితం బానిసల జీవితానికి భిన్నంగా లేదు.

6. ముగింపు:
ఈ ఒప్పందాలు రాజ్యాల సార్వభౌమత్వాన్ని దాటి నేరాన్ని విచారించే మార్గాన్ని చూపాయి. అయితే వాటి దృష్టి నౌకపైనే నిలిచింది. నౌక దిగిన మనిషి గతి స్థానిక ప్రభుత్వాల దయకు మిగిలింది. 1926 నాటి నానాజాతి సమితి ఒప్పందం బానిసత్వాన్ని వ్యక్తిపై చెలాయించే యాజమాన్యాధికారాల ఆధారంగా నిర్వచించింది. 1956 నాటి అనుబంధ ఒప్పందం రుణదాస్యం వంటి పద్ధతులనూ నిషేధ పరిధిలోకి తెచ్చింది. హవానా విముక్తుల అనుభవం వెల్లడించిన వెలితిని అంతర్జాతీయ న్యాయం గుర్తించడానికి దాదాపు శతాబ్దకాలం పట్టింది.