రేంజ్ రోవర్ (మూడవ తరము)

రేంజ్ రోవర్ మూడవ తరము ఇంగ్లండులోని సోలిహల్ కర్మాగారములో తయారై, 2002 నుండి 2012 వరకు విక్రయింపబడిన విలాసవంతమైన ఎస్‌యూవీ. ల్యాండ్ రోవర్ సంస్థలో దీని సంకేతనామము ఎల్322. కొత్తగా ఉన్నప్పుడు సంపన్నులకు మాత్రమే అందిన ఈ వాహనము నేడు సెకండ్ హ్యాండ్ విపణిలో సాధారణ కారు ధరకే లభించుచున్నది. అయితే కొన్నవెల తగ్గినంతగా విడిభాగముల వెల, మరమ్మతు కూలి తగ్గవు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అను సామెత ఈ బండికి వర్తించదు. కావున ఏ సంవత్సరపు బండి, ఏ ఇంజన్, ఎట్టి నిర్వహణ అను మూడు ప్రశ్నలు కొనుగోలుదారునకు ముఖ్యమైనవి.

చరిత్ర

మొదటి తరము రేంజ్ రోవర్ 1970లోను, రెండవ తరము 1994లోను వెలువడినవి. ఆ రెండింటికి నిచ్చెన ఆకారపు చట్రము ఉండెడిది. మూడవ తరములో చట్రము, పైభాగము కలిసి ఒకే నిర్మాణముగా రూపొందినవి. నాలుగు చక్రములకు స్వతంత్ర గాలి సస్పెన్షన్ అమర్చబడినది.

ఈ బండిని రూపొందించునాటికి ల్యాండ్ రోవర్ జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ అధీనములో ఉండెను. 2000లో బీఎండబ్ల్యూ ఈ సంస్థను ఫోర్డునకు అమ్మివేసినది. ఫోర్డు 2008 జూన్‌లో జాగ్వార్, ల్యాండ్ రోవర్ సంస్థలను 230 కోట్ల డాలర్లకు టాటా మోటార్స్‌కు విక్రయించినది. యజమానులు మారిన కొలది ఇంజన్లు కూడ మారినవి. అందువలన బయటకు ఒకే విధముగా కనబడు బండ్లలో పదేళ్ళ కాలములో ఎనిమిది రకముల ఇంజన్లు వచ్చినవి. ఎల్322లో ఏ ఇంజన్ మంచిది అను ప్రశ్నకు మూలము ఇదియే.

ఇంజన్లు

బీఎండబ్ల్యూ ఇంజన్లు (2002-2006)

* 4.4 లీటర్ల వీ8 పెట్రోలు: 286 అశ్వశక్తి. నడక మృదువుగా ఉండును. దీని టైమింగ్ చైనును పట్టి ఉంచు ప్లాస్టిక్ గైడ్లు కాలక్రమమున పెళుసుబారి విరుగును. రెండు సిలిండర్ వరుసల నడుమ ఉండు మూత వద్ద కూలెంటు కారుట మరియొక లోపము.
* 3.0 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్: 177 అశ్వశక్తి. ఇంజన్ గట్టిదే. కాని సుమారు రెండున్నర టన్నుల బండికి ఈ శక్తి చాలదు. దీనితో వచ్చిన ఐదు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు త్వరగా పాడగునను అపఖ్యాతి కలదు.

జాగ్వార్ పెట్రోలు ఇంజన్లు (2005-2009)

* 4.4 లీటర్ల వీ8: 306 అశ్వశక్తి. దీనికి టర్బో గాని సూపర్‌చార్జర్ గాని లేదు. నిర్మాణము సరళమగుటచే ఈ శ్రేణిలో నమ్మదగిన వాటిలో ఒకటిగా దీనిని పరిగణింతురు. ఇంధనము మాత్రము ఎక్కువగా తాగును.
* 4.2 లీటర్ల సూపర్‌చార్జ్‌డ్ వీ8: 396 అశ్వశక్తి. ఇంజన్ దృఢమైనదే. పెట్రోలు ఖర్చు ఇంకను ఎక్కువ.

డీజిల్ వీ8 ఇంజన్లు

* 3.6 లీటర్లు (2006-2010): 272 అశ్వశక్తి, 640 న్యూటన్ మీటర్ల టార్కు. బరువైన బండికి తగిన బలము కలది. ఈజీఆర్ కవాటములు మసిపట్టుట, టర్బో గొట్టములు చీలుట తరచుగా వినవచ్చు లోపములు.
* 4.4 లీటర్లు (2010-2012): 313 అశ్వశక్తి, 700 న్యూటన్ మీటర్ల టార్కు, ఎనిమిది గేర్లు. మూడవ తరపు డీజిల్ ఇంజన్లలో దీనికే మంచి పేరు కలదు. అందుచేతనే వెల కూడ ఎక్కువ.

5.0 లీటర్ల పెట్రోలు ఇంజన్లు (2009-2012)

* సాధారణ రకము 375 అశ్వశక్తిని, సూపర్‌చార్జ్‌డ్ రకము 510 అశ్వశక్తిని ఇచ్చును. టైమింగ్ చైను టెన్షనర్లు అరుగుట, వాటర్ పంపు, ప్లాస్టిక్ కూలెంటు గొట్టములు పాడగుట వీటి బలహీనతలు.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. క్రాంక్ షాఫ్ట్ విరుగునను అపవాదు గల 2.7, 3.0 లీటర్ల వీ6 డీజిల్ ఇంజన్లు రేంజ్ రోవర్ స్పోర్ట్, డిస్కవరీ బండ్లకు చెందినవి. ఎల్322లో వీ6 డీజిల్ ఏనాడును లేదు. పేరులో పోలిక వలన పలువురు ఈ రెండింటిని ఒకటిగా భ్రమింతురు.

పెట్రోలా, డీజిలా?

ఇది బండిని నడుపు తీరును బట్టి నిర్ణయింపదగిన విషయము. నిత్యము కొద్ది దూరము మాత్రమే తిరుగువారికి డీజిల్ తగదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కక మునుపే ఆగిపోవుటచే ఈజీఆర్ కవాటమునందును, మసిని వడకట్టు ఫిల్టరునందును మసి పేరుకొనును. అట్టివారికి జాగ్వార్ 4.4 పెట్రోలు మేలు. దూరప్రయాణములు ఎక్కువగా చేయువారికి, బరువైన ట్రైలరు లాగువారికి వీ8 డీజిల్ అనుకూలము.

ఊరి నిబంధనలు కూడ లెక్కలోనికి వచ్చును. లండను నగరములో 2019లో మొదలైన అతి తక్కువ ఉద్గారముల మండలము 2023 ఆగస్టులో నగరమంతటికి విస్తరించినది. ఇందు పెట్రోలు కార్లకు యూరో 4, డీజిల్ కార్లకు యూరో 6 ప్రమాణము ఉండవలెను. ఎల్322 డీజిల్ ఇంజన్లలో ఏదియు యూరో 6 స్థాయిని అందుకొనదు. కావున అచ్చట డీజిల్ బండిని బయటకు తీసిన ప్రతి దినము 12.50 పౌండ్ల రుసుము చెల్లింపవలసి వచ్చును. లండనులో నివసించు తెలుగువారు చవకగా వచ్చినదని డీజిల్ బండి కొనుటకు ముందు ఈ లెక్క చూచుకొనవలెను.

ఇంజన్ కాక ఇతర భాగములు

గాలి సస్పెన్షన్‌లోని రబ్బరు సంచులు పాతబడి బీటలు వారును. గాలి కారుచుండగా కంప్రెసర్ ఆగకుండ పనిచేసి, చివరకు అదియు పాడగును. తొలి బండ్లలో ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ కలియు చోట పండ్లు అరిగి, ముందు చక్రములకు శక్తి అందకపోవును. వెనుక తలుపు పై భాగము తుప్పు పట్టుట కూడ సాధారణము. గేర్‌బాక్సు ఆయిలును జీవితకాలము మార్చనక్కర లేదని కొందరు చెప్పుదురు. కాని ఆరు, ఎనిమిది గేర్ల పెట్టెలను తయారుచేసిన జెడ్‌ఎఫ్ సంస్థయే 80,000 నుండి 1,20,000 కిలోమీటర్లకు గాని, ఎనిమిదేళ్ళకు గాని ఆయిలు మార్చవలెనని సూచించుచున్నది.

కొనుటకు ముందు పరీక్ష

* ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయవలెను. ముందే వేడిచేసి ఉంచిన ఇంజన్‌లో చైను శబ్దము, పొగ తెలియవు.
* బండిని రాత్రంతయు నిలిపి, ఉదయము నాలుగు మూలల ఎత్తు కొలువవలెను. ఒక మూల కుంగినచో గాలి కారుచున్నట్లు.
* సస్పెన్షన్‌ను అన్ని ఎత్తులకు లేపి, దించి చూడవలెను.
* కంప్యూటర్ స్కానరుతో లోపముల సంకేతములు చదివించవలెను. అవి అప్పుడే చెరిపివేయబడినవా అని కూడ చూడవలెను.
* సర్వీసు రసీదులను మీటరు అంకెతో సరిపోల్చవలెను.

వీటిలో చివరిది అన్నింటికంటె ముఖ్యము. మంచి పేరున్న ఇంజనైనను ఆయిలు సకాలములో మార్చనిచో చెడును. లోపమున్న ఇంజనైనను చైను గైడ్లు, గొట్టములు ముందే మార్చినచో చాలకాలము నడచును. కొనుటకు కేటాయించిన సొమ్ములో కొంత భాగమును మొదటి సంవత్సరపు మరమ్మతులకు విడిగా ఉంచుకొనుట వివేకము.

భారతదేశములో

భారతదేశములో ల్యాండ్ రోవర్ అధికారిక విక్రయములు 2009లో ముంబైలో మొదలైనవి. కావున ఇచ్చట అధికారికముగా అమ్ముడైన ఎల్322 బండ్లు 2009 తరువాతివే. సొంత వాహనముల రిజిస్ట్రేషన్ 15 సంవత్సరములు చెల్లును. పిమ్మట ఫిట్‌నెస్ పరీక్ష జరిపించి ఐదేళ్ళకొకసారి పునరుద్ధరింపవలెను. 2009-2012 నాటి బండ్లకు ఈ గడువు 2024-2027 మధ్య ముగియును. కావున ఆర్.సి.లోని తేదీని తప్పక చూడవలెను.

యాజమాన్య బదిలీకి 29, 30వ నంబరు ఫారములు కావలెను. బండి ఇతర రాష్ట్రమునకు చెందినదైనచో 28వ నంబరు ఫారముతో నిరభ్యంతర పత్రము పొందవలెను. అప్పుపై కొన్న బండియైనచో ఋణదాత సంతకముతో 35వ నంబరు ఫారము ఇచ్చి ఆ నమోదును తొలగింపవలెను. ఇది జరుగనిచో సొమ్ము చెల్లించిన తరువాత కూడ బండిపై అప్పు నిలిచి ఉండును.

ఇవి కూడా చూడండి

* ల్యాండ్ రోవర్
* టాటా మోటార్స్
* డీజిల్ ఇంజన్