రాసిన కోడు పరాయి చేతికి అందాలంటే

ఒకరు రాసిన ప్రోగ్రాము ముక్కను ఇంకొకరు ఉన్నదున్నట్టు తీసుకుని వాడుకునే ఏర్పాటు తొలినాళ్లలో ఒక స్టీలు బీరువాలో ఇమిడిపోయింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం గణిత ప్రయోగశాలలో ఉండేదా బీరువా. అక్కడి ఎడ్‌శాక్ కంప్యూటరు దాదాపు 3,000 వాల్వులతో గదిని నింపేసిన యంత్రం. 1949 మే 6న అది తొలి ప్రోగ్రామును నడిపింది. కొద్ది వారాలు తిరగకముందే దాని నిర్మాత మారిస్ విల్క్స్‌కు ఒక సంగతి తట్టింది. ఇకమీదట తన జీవితంలో పెద్ద భాగం సొంత ప్రోగ్రాముల్లో తప్పులు వెతుక్కోవడానికే పోతుందని! ఆ బాధ తగ్గాలంటే, ఒకసారి రాసి సరిచూసిన ముక్కను మళ్లీ ఎవరూ మొదటి నుంచి రాయాల్సిన అవసరం లేకుండా చూడాలి.

అలా పుట్టిందే సబ్‌రొటీన్ల లైబ్రరీ. భాగహారం, లాగరిథం, త్రికోణమితి ప్రమేయాలు, ఫలితాన్ని అచ్చువేయడం వంటి ఒక్కో పనికి ఒక్కో సబ్‌రొటీను. ఒక్కోదానికి రంధ్రాలు పొడిచిన కాగితపు టేపు. కోవను బట్టి ఒక అక్షరం, దాని పక్కన ఒక అంకె వాటి గుర్తు. 1951 నాటికి ఇలాంటివి 87 పోగయ్యాయి. కావలసినవాళ్లు బీరువాలోంచి టేపు తీసి, యంత్రం మీద దాని నకలును తమ టేపు మీదికి దించుకుని, అసలును మళ్లీ అక్కడే పెట్టేసేవారు. చేత్తో ఎత్తిరాసే పని లేదు కాబట్టి ఎత్తిరాతలో దొర్లే తప్పులూ లేవు.

అయితే ఇక్కడొక చిక్కుంది. యంత్రం మెమరీలో ప్రతి గడికీ ఒక నంబరు ఉంటుంది. సబ్‌రొటీను లోపల ‘ఫలానా గడికి వెళ్లు’ అని ఆదేశం రాయాలంటే అది ఏ గడిలో కూర్చోబోతోందో ముందే తెలియాలి. ఒకరి ప్రోగ్రాములో అది 60వ గడి నుంచి మొదలు కావచ్చు, మరొకరి దాంట్లో 200వ గడి నుంచి కావచ్చు. అప్పటికింకా పరిశోధక విద్యార్థిగా ఉన్న డేవిడ్ వీలర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. డోర్ నంబరు చెప్పకుండా ‘వీధి మొదట్నుంచి నాలుగో ఇల్లు’ అని గుర్తు చెప్పినట్టు, సబ్‌రొటీనులోని చిరునామాలన్నీ దాని మొదటి గడి నుంచి లెక్కవేసి రాశారు. టేపు లోపలికి వెళ్లేటప్పుడు యంత్రంలో ముందే ఉన్న ఆదేశాలు వాటికి అసలు నంబర్లు కలిపేవి. ఆ పని చేసే ఆదేశాలు మొత్తం 41 మాత్రమే. పని ముగిశాక ఎక్కడికి తిరిగి వెళ్లాలో సబ్‌రొటీనుకు చెప్పే కిటుకూ వీలర్‌దే. అది నేటికీ అతని పేరుతోనే చలామణిలో ఉంది.

విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ ముగ్గురూ కలిసి ఈ పద్ధతినంతా 1951లో పుస్తకంగా వెలువరించారు. మరుసటి ఏడాది అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరిగిన సదస్సుకు వీలర్ సమర్పించిన రెండు పేజీల పత్రం ఇంకా విలువైంది. సబ్‌రొటీను రాసి, పరీక్షించి చూసినంత మాత్రాన పని పూర్తికాదంటాడు అందులో. లోపలి కోడు సంగతి తెలియనివాళ్లు కూడా తేలిగ్గా వాడుకునేలా దాని వివరణ రాయాలి. బహుశా అన్నింటిలోకీ అదే కష్టమైన పని కావచ్చన్నది అతని అభిప్రాయం. పరాయివాళ్లకు కోడు పంచిపెట్టే ఈ విద్యలో ఇంతకంటే లోతైన మాట ఆ తర్వాతా అరుదుగానే వినిపించింది.

బీరువా ఒకే గదిలో ఉన్నంతకాలం అనుమానం వస్తే రాసినవాళ్లనే అడగవచ్చు. దూరం పెరిగేసరికి ఆ వీలు పోయింది. ఐబీఎం యంత్రాలు కొన్న అమెరికన్ సంస్థలు 1955లో ‘షేర్’ అనే సంఘం పెట్టుకుని, ఎవరికి వారు రాసుకున్న ప్రోగ్రాములను ఒకరికొకరు పంపుకోసాగాయి. పోటీ కంపెనీలు కూడా ఇందులో చేయి కలిపాయి. ఒకే రకం పనిని పదిచోట్ల పదిమంది విడివిడిగా రాయడం డబ్బు దండగని అందరికీ తెలిసివచ్చింది మరి.

1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటు చేసిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సులో బెల్ లాబ్స్‌కు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ మరో మెట్టు పైకి ఆలోచించాడు. నట్లు, బోల్టులు కొలతల ప్రకారం కేటలాగులో దొరికినట్టు సాఫ్ట్‌వేర్ భాగాలూ దొరకాలన్నాడు. సైన్ విలువ కట్టే రొటీన్‌నే ఉదాహరణగా తీసుకుని, ఎంత కచ్చితత్వం కావాలి, ఏ రకం అంకగణితం, ఎంత హద్దు, తప్పుడు విలువ ఇస్తే ఎంతమేరకు తట్టుకోవాలి అని లెక్కవేస్తూ పోయి మొత్తం 300 రకాలు తేల్చాడు. అలాంటి భాగాల కార్ఖానా మాత్రం అతను ఊహించిన రూపంలో రాలేదు. వచ్చింది ఇంకోలా, ఉచితంగా ఇచ్చేవాళ్ల చేతుల మీదుగా.

అందులో మొదటి గట్టి అడుగు నెట్‌లిబ్. 1985లో ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో ఉన్న జాక్ డొంగారా, బెల్ లాబ్స్‌లో ఉన్న ఎరిక్ గ్రోస్ దాన్ని మొదలుపెట్టారు. ఫలానా రొటీను పంపమని ఒక ఈమెయిలు రాస్తే చాలు, మధ్యలో మనిషి ప్రమేయం లేకుండా ప్రోగ్రామే చదివి, ఆ కోడుతో జవాబు పంపేది. ఆ రొటీను పనిచేయడానికి ఇంకేవేవి కావాలో చూసి వాటినీ జతచేసి పంపగలగడం దాని గొప్పదనం. ఇప్పుడు డెవలపర్లు డిపెండెన్సీ అంటున్నది దీన్నే. అంతకుముందు ఒక చిన్న రొటీను కోసం కూడా మాగ్నెటిక్ టేపు తెప్పించుకోవలసి వచ్చేది.

పెర్ల్ భాష వాడేవాళ్ల కోసం 1995 అక్టోబరులో తెరిచిన సీపాన్ భాండాగారం ఇలా కోడు పంచే పద్ధతినే మరింత విస్తరించింది. ప్రపంచమంతా దాని నకళ్లు ఉండేవి. పేరు, వెర్షన్, వివరణ, పరీక్షలు అన్నీ ఒకే మూటలో రావడం రివాజైంది. అప్‌లోడ్ అయిన మూటను రకరకాల యంత్రాల మీద పరీక్షించి ఫలితాలు పంపే స్వచ్ఛంద సేవకులు తర్వాత తయారయ్యారు. వీలర్ అడిగిన వివరణకు ఇంత చక్కటి కొనసాగింపు మరోచోట కనిపించదు.

జావాస్క్రిప్ట్ కోసం 2010లో ఐజాక్ ష్లూటర్ మొదలుపెట్టిన ఎన్‌పీఎం భాండాగారంలో మూట కట్టడం ఎంత తేలికైందంటే, పది పదిహేను వరుసల కోడు కూడా సొంత పేరుతో ప్యాకేజీ అయిపోయింది. అక్షరాలకు ఎడమవైపు ఖాళీలు చేర్చే ‘లెఫ్ట్‌ప్యాడ్’ అలాంటిదే. ఉన్నవి 11 వరుసలు. ఒక ప్యాకేజీ పేరు మీద వచ్చిన తగాదాలో విసిగిన రచయిత 2016 మార్చి 22న తన ప్యాకేజీలన్నింటినీ వెనక్కి తీసుకున్నాడు. వాటిలో లెఫ్ట్‌ప్యాడ్ కూడా పోయింది. దాని పేరే వినని ప్రాజెక్టులు సైతం ఎక్కడికక్కడ ఆగిపోయాయి, ఎందుకంటే అవి వాడుతున్న ప్యాకేజీలు దాని మీద ఆధారపడ్డాయి. ఎన్‌పీఎం నిర్వాహకులు కొన్ని గంటల్లోనే దాన్ని తిరిగి నిలబెట్టారు. విడుదలైన ప్యాకేజీని ఇష్టం వచ్చినప్పుడు తీసేయకుండా ఆ తర్వాత నిబంధనలు బిగించారు. ఇది ఒక వ్యక్తి తప్పు అనడం న్యాయం కాదు. రాసినవారికి తన కోడు మీద ఎంత హక్కుందో, దాని మీద ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఎంత భరోసా ఉండాలో ముందుగా ఎవరూ తేల్చుకోలేదు.

ఇంతకంటే లోతైన దెబ్బ 2024లో తగలబోయి తప్పింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీ దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది. రెండేళ్లకు పైగా ఓపికగా సాయం చేస్తూ దాని నిర్వహణ బాధ్యతల్లోకి వచ్చిన ఒక మారుపేరు వ్యక్తి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి అమర్చాడు. దాన్ని ఎక్కడ దాచాడన్నదే అసలు విషయం. అందరూ చూడగలిగే సోర్సు కోడులో పరీక్ష ఫైళ్లలా కనిపించే కొన్ని ముక్కలే ఉన్నాయి. వాటిని మేల్కొలిపే వరుస మాత్రం పంపిణీ కోసం కట్టిన మూటలోనే చేరింది. రిమోట్ లాగిన్‌కు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని తవ్వుకుంటూ పోయిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరుకు అది దొరికింది. మార్చి 29న ఆయన లోకానికి వెల్లడించాడు.

మూటలో ఉన్నదీ రచయిత చూపించిన సోర్సూ ఒకటేనా అన్న ప్రశ్న మీద అప్పటికే పని సాగుతోంది. ఒకే సోర్సు నుంచి ఎవరు తయారుచేసినా చివరి బిట్టు దాకా ఒకేలా వచ్చే ప్యాకేజీల కోసం డెబియన్ లినక్స్ బృందం 2013 నుంచి కృషి చేస్తోంది. ప్యాకేజీ ఏ సోర్సు నుంచి, ఏ బిల్డులో తయారైందో తెలిపే సంతకం చేసిన పత్రాన్ని జతచేసే వీలును ఎన్‌పీఎం 2023లో తెచ్చింది. ఆ పత్రం పుట్టుక చెబుతుంది. లోపలున్న కోడు మంచిదో కాదో చెప్పదు, దాన్ని చదివి చూసే పని ఇంకా మనిషిదే.