తోడు పెట్టిన సముద్రం



టెక్సస్ రాష్ట్రంలో నివసించే మా అబ్బాయి ఇంటి ముందుగదిలో ఒక సముద్రమున్నది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల గాజుతొట్టి అది. 180 గ్యాలన్ల ఉప్పునీరు, అంటే సుమారు 680 లీటర్లు, అందులో పడుతుంది. 2018లో మొదటిసారి దానిని చూచినప్పుడు, ఉపాధ్యాయ వృత్తి నేర్పిన పొదుపుబుద్ధితో, "చేపలకోసం ఇంత సొమ్ము తగలేస్తావా?" అన్నాను. వాడు నవ్వి, "చేపలకోసం కాదు నాన్నా, పగడాలకోసం" అన్నాడు.

నేను నిరుత్తరుడనైనాను. మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు పర్యాయపదాలు చెప్పినవాణ్ణి. పగడం, ప్రవాళం, విద్రుమం అని వల్లె వేయించినవాణ్ణి. బ్రతికి ఉన్న పగడాన్ని మాత్రం అంతవరకూ కన్నెత్తి చూడలేదు. ఆ సిగ్గుతోనే ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఇదొక పెద్ద కథ అని తెలిసింది.

మొదట మాటల సంగతి. విద్రుమంలో 'ద్రుమం', అంటే చెట్టు, ఉన్నది. ప్రవాళమనే మాటకు చిగురనే అర్థం కూడా ఉన్నది. నీటిలో కొమ్మలు వేసి, ఒడ్డుకు తెస్తే రాయిలా ఉండే ఈ వస్తువును ప్రాచీనులు చెట్టుగానో రాయిగానో ఎంచారు. నవరత్నాలలో చేరిన పగడం మధ్యధరా సముద్రపు ఎర్ర పగడం. క్రీస్తుశకం తొలి శతాబ్దంనాటి 'పెరిప్లస్' గ్రంథం మన పడమటి రేవులకు దిగుమతి అయ్యే సరుకులలో దానిని పేర్కొన్నది. దిబ్బలు కట్టే పగడాలు దానికి దాయాదులే గాని అవే కావు.

చెట్టూ కాదు, రాయీ కాదు, ఇది జంతువని తేలడానికి పద్దెనిమిదవ శతాబ్దం రావలసివచ్చింది. తేల్చింది ఒక పాత్రెడు ఉప్పునీరు. 1706లో మార్సిలి అనే ఇటలీ పండితుడు, అప్పుడే తీసిన పగడపు కొమ్మను సముద్రజలంలో ఉంచగా దానిపై తెల్లని పూలు విచ్చుకొన్నాయి. ఆయన సంతోషించి, మొక్కే అన్నాడు. 1720ల్లో పెసొన్నెల్ అనే ఫ్రెంచి వైద్యుడు అటువంటి పాత్రలోనే ఆ 'పూలు' తాకితే ముడుచుకోవడం గమనించి, ఇవి పూలు కావు, ప్రాణులు అన్నాడు. పారిస్ విజ్ఞాన పరిషత్తులో ఆ సంగతి వినిపించిన రియోమ్యూర్, మనిషి నవ్వులపాలవుతాడన్న దయతో కాబోలు, ఆయన పేరు చెప్పకుండా దాచాడు. 1740ల్లో ట్రెంబ్లీ మంచినీటి హైడ్రాపై చేసిన ప్రయోగాలు వెలుగుచూచిన తరువాతగాని పెసొన్నెల్ మాటకు విలువ రాలేదు. సముద్రపు ప్రాణిని దాని నీటిలోనే ఉంచి చూస్తేనే నిజం తెలుస్తుందన్నది ఆనాటి పాఠం.

అయితే పాత్రలో ఒక పూట చూడడం వేరు, ఏళ్ళ తరబడి బ్రతికించడం వేరు. ఆ రెండో విద్యకు తొలి గురువులు ఇద్దరు స్త్రీలు.

మొదటి ఆమె జాన్ విల్‌ప్రూ-పవర్. ఫ్రాన్సులో 1794లో ఒక చెప్పులు కుట్టేవాని ఇంట పుట్టి, పారిస్‌లో దుస్తులపై అల్లికపని చేసి, పెళ్ళయి సిసిలీ ద్వీపంలోని మెస్సీనా చేరింది. ఆర్గొనాట్ అనే జలచరం తన గుల్లను తానే కట్టుకొంటుందా, ఇతరులది ఆక్రమిస్తుందా అన్నది అప్పటి వివాదం. దానిని తేల్చడానికి 1832లో ఆమె గాజుతొట్లు చేయించి, ఆ ప్రాణులను పెంచి, గుల్ల దాని సొంతమేనని నిరూపించింది.

రెండవ ఆమె అన్నా థిన్, లండన్‌లో ఒక మతాధికారి భార్య. 1846లో టార్కీ తీరాన దొరికిన రాతి పగడాలను జాడీలో పెట్టుకొని లండన్ తీసుకువచ్చింది. నీరు పాడుకాకుండా ఉండాలంటే గాలి తగలాలి. అందుకని ఆమె పనిమనిషి ప్రతిదినం కిటికీ దగ్గర నిలబడి, మన టీకొట్టువాడు టీ ఆరబోసినట్లు, ఆ నీటిని ఒక పాత్రనుండి మరొక పాత్రలోకి తిరగబోసేది. మరుసటి సంవత్సరం తొట్టిలో సముద్రపు నాచు చేర్చారు. పగడాలు దాదాపు మూడేళ్ళు బ్రతికాయి, పిల్లలనూ పెట్టాయి. ఇంట్లో పగడాలను నిలబెట్టిన తొలి సముద్రపు తొట్టి అదేనంటారు. ఆ పనిమనిషి పేరు మాత్రం నేను చదివిన వేటిలోనూ లేదు. నేడు మా అబ్బాయి ఇంట రెండు మోటార్లు చేసే పనిని నాడు ఆమె రెండు చేతులు చేశాయి.

ఆ తరువాత కథ వేగంగా నడిచింది. బ్రిటన్‌లో గాజుపై సుంకం 1845లో తొలగింది. రైళ్ళు సముద్రతీరాలను పట్టణాలకు దగ్గర చేశాయి. 1850లో రసాయనవేత్త రాబర్ట్ వారింగ్టన్ చేప, నీటిమొక్క, నత్త ఒకదానినొకటి ఆదుకొంటే నీరు మార్చకుండానే తొట్టి నిలుస్తుందని లోకానికి చెప్పాడు. 1853 మే నెలలో లండన్ జంతుప్రదర్శనశాలలో మత్స్యగృహం తెరిచారు. దానికి ప్రాణులను సమకూర్చినవారిలో ఒకడైన ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో 'ది అక్వేరియం' అనే గ్రంథం వెలువరించాడు. ఇంటింటా గాజుతొట్టి వెలిసింది.

ఈ కథలో విషాదం కూడా అక్కడే మొదలయింది. గాస్ పుస్తకాలు చదివిన జనం బుట్టలూ సుత్తులూ పట్టుకొని డెవన్ తీరానికి తరలివెళ్ళారు. రాళ్ళ నడుమ నీటిగుంటలలో ఉన్నవన్నీ ఊడబెరికి తెచ్చి, తొట్లలో చంపుకొన్నారు. గాస్ కుమారుడు ఎడ్మండ్ 1907లో ప్రచురించిన 'ఫాదర్ అండ్ సన్'లో, తాము చూచిన ఆ అందమంతా నశించిందనీ, అందుకు తన పుస్తకాలే కారణమయ్యాయని తండ్రి ఎంతో బాధపడ్డాడనీ వ్రాశాడు. ప్రేమించడం నేర్పినవాడే వినాశానికి దారి చూపినవాడయ్యాడు. వ్రాసేవారందరం ఒక క్షణం ఆగి తలచుకోవలసిన సంగతి ఇది.

ఆ కాలపు మనుషులలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ అనే దుకాణదారు ఒక కీలకం కనిపెట్టాడు. చూపరులకు కనిపించే తొట్టికంటె కనిపించని నీరే ఎక్కువ ఉండాలన్నాడు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో కట్టిన జలచరశాలలో నేలక్రింద చీకటిగా, చల్లగా పెద్ద జలాశయం నిర్మించి, అందులోని నీటిని పైకీ క్రిందికీ నిరంతరం తిప్పించాడు. హైదరాబాదు ఇళ్ళలో నేలక్రింది సంపు, మోటారు మనకు తెలిసినవే గదా! మా అబ్బాయి తొట్టి క్రింద ఉన్న చిన్న తొట్టిని కూడా సంపు అనే అంటారు. పేరూ ఒకటే, సూత్రమూ లాయిడ్‌దే.

ఇంత జరిగినా, ఉష్ణమండలపు దిబ్బలు కట్టే పగడాలు మరో శతాబ్దం దాకా ఇళ్ళలో బ్రతకలేదు. రంగురంగుల చేపల వెనుక చచ్చిన పగడపు పెంకులను తెల్లగా కడిగి అలంకారంగా పెట్టేవారు. కారణం ఇది. ఈ పగడాల కణజాలంలో కంటికి కనపడని శైవలాలు కాపురముంటాయి. అవి ఎండలో వండిన ఆహారంలో అధికభాగం పగడానికే ముడుతుంది. కాబట్టి వెలుగు బాగా కావాలి. అస్థిపంజరం కట్టడానికి సున్నం కావాలి. నీటిలో మాలిన్యం ఉండరాదు. ఈ మూడూ ఒక్కచోట కూడలేదు.

కూర్చినవారిలో ముందుగా తలచవలసినవాడు జకార్తావాసి లీ చిన్ ఎంగ్. 1961లో ఒక అమెరికా పత్రికలో ఆయన తన పద్ధతి వివరించాడు. యంత్రాలు లేవు. సముద్రంనుండి తెచ్చిన సజీవ శిలలు, ఎండ, గాలిబుడగలు, అంతే. సజీవ శిల అంటే సూక్ష్మజీవులు నిండిన గుల్లరాయి. చేపల విసర్జనలోని అమ్మోనియాను పైపొరలోని సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. గాలి చొరబడని లోపలి పొరల్లోనివి దానిని నత్రజనిగా మార్చి వదిలేస్తాయి. పాలకు తోడెంతో ఆ తొట్టికి ఆ రాయి అంత. గరిటెడు తోడు గిన్నెడు పాలను పెరుగు చేసినట్లు, కొన్ని రాళ్ళు తొట్టెడు ఉప్పునీటిని సముద్రం చేస్తాయి.

1970, 80 దశకాల్లో జర్మన్ భాషావాసులు దీనికి మెరుగు దిద్దారు. స్విట్జర్లాండుకు చెందిన పీటర్ విల్కెన్స్ పగడాలకు సున్నపు తేట పోయడం ప్రచారం చేశాడు. మన పెద్దలు వైద్యంలో వాడిన సున్నపు తేటయే అది! బెర్లిన్ ఔత్సాహికులు సజీవ శిలలకు ప్రకాశవంతమైన దీపాలనూ, ప్రొటీన్ స్కిమ్మర్ అనే పరికరాన్నీ జోడించారు. చెరకురసం కాచేటప్పుడు పైకి తేలిన తెట్టును తీసివేసినట్లు, అది నీటిలోని మాలిన్యాన్ని నురగగా పైకి తెచ్చి వేరుచేస్తుంది. 1986లో జార్జ్ స్మిత్ అనే డచ్చివాడు వ్రాసిన వ్యాసాలతో అమెరికాలోనూ ఇంటి దిబ్బల మోజు మొదలయింది.

బెర్లిన్‌వారిలో డీట్రిష్ ష్ట్యూబర్ చేసిన పని నాకు అన్నిటికంటె గొప్పదిగా తోచింది. ఆయన తొట్టిలో ఒక కొమ్మపగడం ఏపుగా పెరిగింది. ఆయన దానిని ముక్కలు విరిచి స్నేహితులకు పంచాడు. వారు పెంచి మరికొందరికిచ్చారు. ఆ ఒక్క పగడపు సంతతి చేతులు మారుతూ ఐరోపా దాటి అమెరికా చేరింది. నేటికీ ఆయన పేరుతోనే పిలువబడుతూ ఉన్నది. గాస్ కాలపు జనం సముద్రాన్ని దోచితే, ఈయన సముద్రాన్ని అంటుకొమ్మలా పంచిపెట్టాడు. అభిరుచికీ అపహరణకూ మధ్యనున్న గీత ఇదే.

ఈ మాట నేను పుస్తకం చదివి అన్నది కాదు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచుతుఫాను ముంచెత్తింది. మా అబ్బాయి ఇంట కరెంటు పోయింది. నేనిక్కడ ఫోను పట్టుకొని కూర్చున్నాను. "తొట్టి నీరు చల్లబడిపోతోంది నాన్నా" అన్నాడు. ముందు పిల్లల సంగతి చూడమని కసిరాను. పిల్లలు దుప్పట్లలో ఉన్నారు. కోడలు గ్యాసుపొయ్యి మీద నీళ్ళు కాచి సీసాలలో నింపి ఇస్తుంటే, వాడు వాటిని తొట్టిలో తేలవేశాడు. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒక్కటే బుడగలు వదిలింది. అదీ ఆగితే మనవడు చెంబుతో నీళ్ళు ముంచి పైనుండి పోశాడట. లండన్ కిటికీ దగ్గరి ఆ పేరులేని పనిమనిషి నాకు గుర్తుకు వచ్చింది.

సగం పగడాలు పోయాయి. ఏడేళ్ళుగా పెరిగినవి తెల్లని పెంకులయ్యాయి. వాడు ఫోనులో ఏడ్వలేదుగాని, గొంతు మామూలుగా లేదు. నెల తిరిగాక ఇద్దరు ముగ్గురు మిత్రులు చిన్న డబ్బాలతో వచ్చారట. ఎప్పుడో వీడు పంచిన ముక్కలు వాళ్ళ తొట్లలో పెరిగి కొమ్మలు వేశాయి. ఆ కొమ్మలు విరిచి తెచ్చి ఇచ్చారు. మన వీధులలో ఇంట తోడు విరిగిపోతే పక్కింటికి గిన్నెతో వెళ్ళేవారం గుర్తుందా? పక్కింటివారిచ్చిన తోడులో మనమిచ్చిన తోడే ఉండేది.

ఒక హెచ్చరిక చెప్పడం నా ధర్మం. ఇది చదివి ముచ్చటపడి మన దేశంలో పగడాలు పెంచబూనరాదు. 2001 నుండి దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. పట్టడం, అమ్మడం, ఇంట ఉంచుకోవడం నేరం. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం పగడపు దిబ్బలను త్రవ్విన చరిత్ర మనది. ఆ చట్టం ఊరికే రాలేదు. విదేశాల ఇంటితొట్లలోని చేపలలో కూడా చాలాభాగం నేటికీ సముద్రంనుండి పట్టినవే. ఫిలిప్పీన్సు వంటి చోట్ల చేపలను మత్తెక్కించడానికి సయనైడు చల్లి దిబ్బలను చంపిన పాపమూ ఈ వ్యాపారం ఖాతాలో ఉన్నది.

జమ కూడా ఉన్నది. 2014 నుండి ఫ్లోరిడా తీరపు పగడాలను ఒక వ్యాధి తినివేస్తుంటే, వ్యాధి సోకనివాటిని తీసి, సముద్రమే లేని రాష్ట్రాల జలచరశాలల్లో సైతం దాచారు. లండన్ హార్నిమన్ మ్యూజియంవారు 2012లో మొదలుపెట్టిన పరిశోధనలో, తొట్టిపైనే ఋతువులనూ వెన్నెలనూ దీపాలతో కల్పించి, పగడాలు సంతానోత్పత్తి చేసేలా చేశారు. వారి సహకారంతో 2019లో ఫ్లోరిడాలో స్తంభపగడం తొట్టిలోనే తన సంతతిని విడిచింది. లాయిడ్ జలచరశాల ఉండిన క్రిస్టల్ ప్యాలెస్ 1936లో కాలిపోయింది. ఆ స్థలానికి హార్నిమన్ మ్యూజియం కొద్ది దూరమే.

సముద్రాలు వేడెక్కుతున్నాయి. 2024లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబారుతున్నట్లు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పాలగిన్నె మొత్తం విరిగిపోయే రోజు వస్తే ఎక్కడో ఒక ఇంట చెంచాడు తోడు మిగిలి ఉండాలి గదా. ఇటీవల మనవడు ఫోనులో, "తాతయ్యా, ఈ వారం నేనే ఒక ముక్క విరిచి మా స్నేహితునికిచ్చాను" అన్నాడు. విద్రుమానికి పర్యాయపదాలు వాడికి రావు. రాకపోయినా ఫరవాలేదనిపించింది.

స్వస్తి.