పింజ కొలత: పత్తి వంగడాల ఎంపికలో నాణ్యత పరీక్షలు

ఒక్క మొక్క నుంచి దిగే దూది కొద్ది గుప్పెళ్లే. దాంతో ఎలాంటి నూలు వస్తుందో మిల్లు తేల్చాలంటే అంత కొంచెం చాలదు. కొత్త పత్తి వంగడాలు తయారుచేసేవారికి మొదటి నుంచీ ఉన్న చిక్కు ఇదే.

వ్యాపారులు చిటికెడు దూదిని రెండు చేతుల వేళ్ల మధ్య లాగి, పోచలను సర్ది, కంటితోనే పింజ పొడవు చెప్పేవారు. అనుభవజ్ఞుల అంచనా బాగానే ఉండేది గానీ, మనిషి మారితే కొలతా మారేది. 1921లో భారత కేంద్ర పత్తి కమిటీ ఏర్పడింది. 1924లో అది బొంబాయిలోని మాతుంగాలో ప్రయోగశాల నెలకొల్పింది. తొలి డైరెక్టర్ ఎ.జె. టర్నర్ హయాంలో నంద్యాల 14, పంజాబ్-అమెరికన్ 4ఎఫ్ వంటి రకాలను అక్కడ వడికి, ఏ కౌంటు (నూలు సన్నదనాన్ని చెప్పే అంకె) దాకా గట్టి నూలు వస్తుందో తేల్చేవారు. నూలు వడికి చూడటాన్ని మించిన పరీక్ష లేదు. కానీ వందల మొక్కలను వడపోసే దశలో అది కుదిరే పని కాదు.

అక్కడ ఆదుకున్నది గింజ మీదే చేసే కొలత. పోచలు ఊడకుండా చిన్న దువ్వెనతో గింజ చుట్టూ దువ్వితే అవి వలయంలా పరుచుకుంటాయి. గింజ నుంచి అంచు దాకా దూరమే పింజ పొడవు. ఒక్కో మొక్కకు కొద్ది గింజలు చాలు. ఖర్చు దువ్వెన, స్కేలు, ఓపిక. మొదటి వడపోతలో పొడవుకే పెద్దపీట పడటానికి ఈ సౌలభ్యం ముఖ్య కారణం. సన్నదనం, బలం అంత తేలిగ్గా దొరకలేదు.

1940లో అమెరికాలో హెర్టెల్ రూపొందించిన ఫైబ్రోగ్రాఫ్ కాంతి సాయంతో పొడవును కొలిచింది. ప్రెస్లీ పరికరం పోచల కట్టను తెంచి బలం చెప్పింది. మైక్రోనేర్ పరికరం నిర్ణీత బరువు దూదిలోంచి గాలిని పంపుతుంది; గాలి సులువుగా పోతే అంకె పెరుగుతుంది. ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి: తక్కువ వస్తే పోచ సహజంగా సన్ననిదైనా కావచ్చు, పక్వానికి రానిదైనా కావచ్చు. దీన్ని విస్మరిస్తే పరిశోధకుడు పచ్చి పత్తినే మేలురకమని ఎంచుకునే ప్రమాదం ఉంది.

దేశ విభజనతో పొడవు పింజ పండే సింధు, పశ్చిమ పంజాబ్ ప్రాంతాలు పాకిస్తాన్‌కు పోయాయి. ఇక్కడి మిల్లుల కొరత తీర్చే ప్రయత్నాల్లో 1970లో సూరత్ నుంచి హైబ్రిడ్-4, 1974లో కోయంబత్తూరు నుంచి సువిన్ వచ్చాయి. సుజాత, సెయింట్ విన్సెంట్ రకాల సంకరమైన సువిన్ 120 కౌంటు నూలుకు పనికొచ్చింది.

తర్వాత వచ్చిన హెచ్‌వీఐ (హై వాల్యూమ్ ఇన్‌స్ట్రుమెంట్) యంత్రాలు పొడవు, బలం, మైక్రోనేర్, రంగు అన్నిటినీ ఒకేచోట కొలుస్తాయి. భారత్‌లో వీటిని ఐసీసీ, హెచ్‌వీఐ అనే రెండు పద్ధతుల్లో వాడారు. ఒకే దూదికి రెండో పద్ధతిలో బలం అంకె ఎక్కువ వస్తుంది. అందుకే పాత రకాన్ని కొత్తదానితో పోల్చేటప్పుడు ఏ పద్ధతిలో కొలిచారో ముందు చూడాలి.