నల్ల దారం నేర్పిన విద్య

బిర్రుగా సుళ్లు తిరిగిన ఆఫ్రికన్ జుట్టును సాగదీయడానికి వేడి అక్కర్లేదు. ఒక దారపుండ, కాస్త నూనె, ఓపికున్న రెండు చేతులు చాలు. పశ్చిమాఫ్రికా ఆడవాళ్లకు ఇది తరతరాలుగా తెలిసిన విద్య. ఇవాళ అమ్మాయిలు ‘హీట్‌లెస్ స్టైలింగ్’ అని చెప్పుకుంటున్న పద్ధతుల్లో అన్నిటికంటే పాతవాటిలో ఇదొకటి.

నైజీరియా నైరుతి ప్రాంతంలోని యోరుబాలకు జుట్టు ముడిచే తీరులు రెండు. పాయలు తీసి అల్లితే అది ‘ఇరున్ దీదీ’. దారం చుట్టి కడితే ‘ఇరున్ కికో’. మనిషి తలరాతను ‘ఒరి’ అనే లోపలి తల మోస్తుందని వాళ్ల నమ్మకం. కాబట్టి తలమీద చెయ్యి వేసే మనిషి మంచిదై ఉండాలి, ఆ పని శ్రద్ధగా సాగాలి. అమ్మ ఒళ్లోనో, వీధి అరుగు మీదో గంటల తరబడి సాగే ఆ పనిలోనే పిల్లలకు విద్య అబ్బేది.

పని తీరు ఇలా ఉంటుంది. కడిగిన జుట్టు ఇంకా చెమ్మగా ఉండగానే షియా వెన్నో నూనో రాసి చిక్కు తీస్తారు. పాపిటలు తీసి తలంతా చిన్న చిన్న గడులుగా విడదీస్తారు. ఒక్కో పాయ మొదట్లో నల్ల దారం రెండు మూడు చుట్లు తిప్పి ముడి వేస్తారు. అక్కణ్నుంచి పాయను ఒక చేత్తో లాగి పట్టుకుని, రెండో చేత్తో కండెకు నూలు చుట్టినట్టు కొసదాకా చుట్టుకుంటూ పోతారు. కొసను గట్టిగా కట్టేస్తారు. చుట్టు మీద చుట్టు దగ్గరగా పడితే పాయ కర్రలా నిలబడుతుంది, ఎటు వంచితే అటు వంగుతుంది. ఎడంగా పడితే మెత్తగా వేలాడుతుంది. ఒక రాత్రి ఉంచి విప్పినా, సగం పొడవు కూడా కనిపించని జుట్టు చాచినట్టు కిందికి దిగుతుంది.

ఇందులో జరిగేది తేలికపాటి రసాయనశాస్త్రమే. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారైంది. దాని పోగులను పట్టి ఉంచే బంధాల్లో హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవి. తడి తగిలితే విడిపోతాయి, ఆరేటప్పుడు మళ్లీ కలుస్తాయి. ఆరేటప్పుడు వెంట్రుక ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే నిలుస్తుంది. తడి తలకు జడ వేసుకుని మర్నాడు విప్పితే మన ఆడపిల్లల జుట్టులో అలలు కనిపించేది ఇందుకే. గంధకపు బంధాలు మాత్రం చెక్కుచెదరవు. అందుకే మళ్లీ తడి తగలగానే సుళ్లు తిరిగి వచ్చేస్తాయి, జుట్టు తన స్వభావం పోగొట్టుకోదు. కాల్చిన ఇనుముతో ఆ భరోసా లేదు. వేడి మోతాదు మించితే కెరాటిన్ దెబ్బతింటుంది, ఆ వెంట్రుకకు పాత సుడి మరి రాదు.

బానిసలుగా అమెరికాకు చేరినవాళ్లు దువ్వెనలూ నూనెలూ పోగొట్టుకున్నారు గానీ ఈ విద్యను పోగొట్టుకోలేదు. 1936–38 మధ్య అక్కడి ప్రభుత్వం బానిసత్వం చూసిన వృద్ధుల మాటలను రాయించింది. వారమంతా జుట్టుకు దారమో గుడ్డపేలికో చుట్టి ఉంచి, ఆదివారం విప్పి చర్చికి వెళ్లిన ముచ్చట ఆ జ్ఞాపకాల్లో ఉంది. దువ్వెన దొరక్క ఉన్ని ఏకే పళ్ల పలకతో తల దువ్వుకున్న సంగతీ ఉంది. వారానికి ఒక్కరోజు దొరికే తీరికలో కూడా తలను చక్కబెట్టుకున్నారంటే, అది తమను తాము మనుషులుగా నిలబెట్టుకోవడమే.

19వ శతాబ్దం చివర్లో కాల్చిన ఇనుప దువ్వెన వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో యానీ మలోన్, మేడమ్ సి.జె. వాకర్ నల్లజాతి స్త్రీల కేశసంరక్షణను పెద్ద వ్యాపారంగా నిలబెట్టి, వేలమందికి బతుకుతెరువు చూపారు. తర్వాత ఘాటు క్షారాలతో సుళ్లను శాశ్వతంగా చెరిపే రిలాక్సర్లు ఇంటింటికీ చేరాయి. తిన్నని జుట్టు ఉంటేనే ఉద్యోగం, మర్యాద అన్న కాలంలో దారం పల్లెటూరి పనిగా చిన్నబోయింది.

నైజీరియాలో మాత్రం దారం కొత్త హంగులు నేర్చింది. 1960లో స్వాతంత్ర్యం వచ్చాక లాగోస్ ఆడవాళ్లు దారపు పాయలను వంచి, కలిపి తలమీద గోపురాలూ కమానులూ కట్టారు. లాగోస్‌లోని ఎకో వంతెన పేరిట ఒక తీరు వెలిసింది. ఫొటోగ్రాఫర్ జె.డి. ఒఖాయ్ ఒజెయికెరె 1968 నుంచి ఈ కేశశిల్పాలను నలుపు తెలుపుల్లో తీస్తూ వచ్చారు. ముఖం కంటే తలకట్టు కనబడాలని చాలావాటిని వెనకనుంచి తీశారు. అలా దాదాపు వెయ్యి చిత్రాలు పోగయ్యాయి. విప్పగానే మాయమయ్యే కళకు 2014లో కన్నుమూసిన ఆయన మిగిల్చిన చరిత్ర అది.

2019లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, సహజమైన జుట్టు తీరును సాకుగా చూపి బడుల్లో, పనిచోట్ల వివక్ష చూపకూడదని చట్టం చేసింది. సుళ్ల జుట్టును అలాగే ఉంచుకోవాలనుకునేవాళ్లు పెరిగారు, దాంతోపాటు దారమూ తిరిగి చేతికొచ్చింది. దారం బదులు పాయ పొడవునా రబ్బరు బ్యాండ్లు వేసేవాళ్లున్నారు, జడలు అల్లి ఆరబెట్టేవాళ్లున్నారు. అన్నిటికీ సూత్రం ఒక్కటే: తడి, లాగి పట్టడం, ఆరేదాకా ఆగడం. కుదుళ్ల దగ్గర మాత్రం బిగించకూడదు. నొప్పి పుడితే వెంటనే వదులు చెయ్యాలి. రోజూ బిగువుగా లాగితే కుదుళ్లు దెబ్బతిని జుట్టు ఊడుతుంది.

ఈ విద్యకు పేటెంటు లేదు, కనిపెట్టినవారి పేరు లేదు. అమ్మమ్మల చేతుల్లోంచి మనవరాళ్ల చేతుల్లోకి వచ్చిన జ్ఞానమిది. కొత్త పేరుతో దీన్ని వాడుకునే ప్రతివారూ అది ఏ ఆడవాళ్ల చేతుల్లో పుట్టిందో చెప్పుకోవాలి. ఆ మాత్రం గుర్తింపు వాళ్లకు ఎప్పుడో దక్కవలసింది.