గారమండ్ పేరు, జానోన్ అక్షరములు

సెమినరీ విద్యార్థులు ఇంగ్లీషులో సిద్ధాంత వ్యాసము టైపు చేయునప్పుడు కంప్యూటరులోని ‘గారమండ్’ ఫాంటును ఎన్నుకొనుట మనము చూచుచుందుము. పుస్తకమువలె కనబడును, కంటికి శ్రమ ఉండదు. అయితే మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో వచ్చిన ఆ ఫాంటుకు మాతృక గారమండ్ చెక్కిన అక్షరములు కావు. అవి ఒక ప్రొటెస్టెంటు ముద్రాపకునివి.

క్లోద్ గారమండ్ పారిస్ నగరమున పనిచేసి 1561లో మరణించెను. ఉక్కు కడ్డీ కొనపై అక్షరమును చెక్కి, దానితో రాగిలో అచ్చు కొట్టి, ఆ అచ్చులో సీసము పోయుట అప్పటి పద్ధతి. రొబేర్ ఎస్తియెన్ 1550లో ముద్రించిన గ్రీకు క్రొత్త నిబంధన ఈయన చెక్కిన గ్రీకు అక్షరములలోనిదే. (మరుసటి సంవత్సరమే ఎస్తియెన్ జెనీవాలో వచన సంఖ్యలతో మరియొక ముద్రణ తెచ్చెను.) గారమండ్ రోమన్ అక్షరములలో వెడల్పు కలము వ్రాత ఛాయ మిగిలియున్నది. గుండ్రని అక్షరములలో లావు భాగము కొంచెము వాలుగా ఉండును. లావుకు సన్నమునకు భేదము మితము. కొసలనున్న చిన్న పాదములు, అనగా సెరిఫులు, గీతలో మెత్తగా కలిసిపోవును. పేజీ యంతయు ఒకే బూడిద ఛాయగా కనబడును. దీర్ఘ గ్రంథములకు ఈ శైలి నాలుగు వందల యేండ్లుగా నిలుచుటకు మా దృష్టిలో ఇదియే ముఖ్య కారణము. ప్రొజెక్టరు తెరపై మాత్రము ఆ సన్నని గీతలు మాయమగును. అచ్చట దీనిని వాడకుండుటే మేలు.

జాన్ జానోన్ 1580లో, అనగా గారమండ్ మరణించిన 19 సంవత్సరములకు జన్మించెను. సెడాన్ అప్పుడు స్వతంత్ర సంస్థానము. అచ్చటి ప్రొటెస్టెంటు అకాడమీలో సేవకులు దైవశాస్త్రము నేర్చుకొనిరి. దానికి ముద్రాపకుడైన జానోన్ 1621లో తన అక్షరముల నమూనా పుస్తకమును ప్రచురించెను. మిక్కిలి చిన్న అక్షరములను కూడ చెక్కి, 1628లో గ్రీకు క్రొత్త నిబంధనను చిన్న ప్రతిగా ముద్రించెను. 1641లో ఆయన అచ్చులు ఫ్రెంచి రాజ ముద్రణాలయమునకు చేరినవి. అచ్చట కాలక్రమమున చెక్కినవాని పేరు మరుగునపడి, 19వ శతాబ్దమున అవి గారమండ్‌వని చెప్పబడెను. 20వ శతాబ్దారంభమున అమెరికా, ఇంగ్లండు కంపెనీలు ఆ నమ్మకముతోనే వాటిని పునరుద్ధరించి ‘గారమండ్’ అని అమ్మినవి.

1926లో బియాట్రిస్ వార్డ్ అను అమెరికా స్త్రీ, పాల్ బోజోన్ అను పురుష నామముతో, ‘ది ఫ్లూరన్’ పత్రికలో ఈ పొరపాటును బయటపెట్టెను. పారిస్‌లో దొరికిన జానోన్ నమూనా పుస్తకమే ఆమెకు సాక్ష్యము.

ఇచ్చట మా పొరపాటు ఒకటి ఒప్పుకొనవలెను. రిషల్యూ ప్రభుత్వము హింసకాలమున ఈ అచ్చులను జప్తు చేసెనని మేము తరగతిలో చాలా యేండ్లు చెప్పితిమి. హతసాక్షుల కథవలె వినుటకు బాగుండెను. కాని లభించిన 1641 నాటి ఒప్పందము క్రయ విక్రయ పత్రము. జప్తుకు ఆధారము లేదు. మన పక్షమునకు అనుకూలమైన కథను మనము తక్కువగా పరీక్షింతుము.

రెంటిని గుర్తించుట కష్టము కాదు. జానోన్ ‘ఎమ్’, ‘ఎన్’, ‘ఆర్’ చిన్న అక్షరముల ఎడమ పై కొన నిటారుగా, లోతుగా తొలిచినట్లుండును; ఇటాలిక్కులో ఒక్కొక్క అక్షరము ఒక్కొక్క వాలుతో నిలుచును. అసలు గారమండ్ కావలెననువారికి రాబర్ట్ స్లిమ్‌బాక్ 1989లో అడోబి కొరకు చేసినది కలదు. ఉచితముగా కావలెననిన ‘ఇ.బి. గారమండ్’ కలదు, ఆ రెండక్షరములు 1592 నాటి నమూనా పత్రమును వెలువరించిన ఫ్రాంక్‌ఫర్ట్ అక్షరశాల పేరైన ఎగెనోల్ఫ్–బెర్నర్‌ను సూచించును.