పలచగా కోసిన చరిత్ర

1964 జూలై 23న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని యంగ్స్‌టౌన్ పక్కన, బోర్డ్‌మన్ అనే ఊళ్లో ఒక చిన్న తిండి దుకాణం తెరుచుకుంది. ఫారెస్ట్ రాఫెల్, లెరాయ్ రాఫెల్ అనే అన్నదమ్ములు దాన్ని పెట్టారు. అంతకుముందు వాళ్లది హోటళ్లకు కావలసిన సామగ్రి అమ్మే వ్యాపారం. దుకాణానికి 'బిగ్ టెక్స్' అని పేరు పెడదామనుకున్నారు కానీ, ఆ పేరు అప్పటికే అదే రాష్ట్రంలోని అక్రన్‌లో మరొకరి దగ్గర ఉంది. దాంతో రాఫెల్ బ్రదర్స్ అన్న మాటల్లోని మొదటి అక్షరాలు 'ఆర్', 'బి' కలిపి 'ఆర్బీస్' అన్నారు. తినడానికి వేడి రోస్ట్ బీఫ్ శాండ్‌విచ్, పక్కన ఆలూ చిప్స్, తాగడానికి పెద్ద గ్లాసుతో ఐస్ టీ. అక్కడ దొరికేది అంతే. హాంబర్గర్ ఊసే లేదు.

ఆ శాండ్‌విచ్ ధర 69 సెంట్లు. ఆ రోజుల్లో హాంబర్గర్ 15 సెంట్లకే వచ్చేది. యంగ్స్‌టౌన్ ఉక్కు కర్మాగారాల మీద బతికే పట్టణం. అలాంటి చోట హాంబర్గర్‌కు నాలుగు రెట్లకు పైగా ధర పెట్టి ఒక శాండ్‌విచ్ అమ్మడమంటే మాటలు కాదు. అయినా అమ్ముడైంది. ఎందుకంటే ఇంగ్లిష్ వాళ్ల ఇళ్లలోనూ, వాళ్ల అలవాట్లు పట్టుకుని అమెరికా వెళ్లిన వాళ్ల ఇళ్లలోనూ రోస్ట్ బీఫ్ ఆదివారపు విందు. చర్చి నుంచి వచ్చాక పెద్ద మాంసపు దుంగను ఓవెన్‌లో కాల్చి, ఇంటిపెద్ద కత్తితో కోసి అందరికీ వడ్డించే వంటకం. రాఫెల్ సోదరులు ఆ విందును కాగితంలో చుట్టి, వారపు దినాల్లో, కారులో కూర్చుని తినేవాడి చేతికి అందించారు. ఆ అదనపు సెంట్లు ఆ గౌరవానికి కట్టిన వెల.

అయితే అందులో వాడేది విందులో వాడే ఖరీదైన మాంసం కాదు. ఇలాంటి శాండ్‌విచ్‌లకు సాధారణంగా పశువు వెనక తొడ కండ తీసుకుంటారు. జీవితమంతా నడకకు పనికొచ్చిన కండ కనుక పోగులు పొడవుగా, గట్టిగా ఉంటాయి, కొవ్వు తక్కువ. తెలంగాణలో పెద్దకూర వండేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. అలాంటి కండను చిన్న ముక్కలు చేసి, సన్నని సెగ మీద ఓపిగ్గా ఉడికిస్తే గాని మెత్తబడదు. వీధి పక్క దుకాణానికి అంత ఓపిక ఎక్కడిది? అక్కడ ఆ పని చేసేది కత్తి. పోగులకు అడ్డంగా, కాగితమంత పలచగా కోస్తే ప్రతి పోగూ మిల్లీమీటరు పొడవుకు తెగిపోతుంది. పంటికి నమలడానికి మిగిలేది చాలా తక్కువ. అదే కండను వేలు మందాన కోసి రొట్టెలో పెడితే మొదటి కొరుకుకే ముక్క మొత్తం ఊడి బయటికి వస్తుంది.

చేతికత్తితో అంత పలచగా, రోజంతా, వందల మందికి కోయడం ఎవరి తరమూ కాదు. ఆ చిక్కు విప్పినవాడు నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌కు చెందిన విల్హెల్మస్ వాన్ బెర్కెల్ అనే కసాయి. కత్తిని ముందుకూ వెనక్కూ లాగే చేతి కదలికను అతను గమనించి, 1898లో ఒక యంత్రం తయారుచేశాడు. గుండ్రంగా తిరిగే పుటాకారపు కత్తి, దాని వైపు మాంసాన్ని నెమ్మదిగా తోసే బండి, మందాన్ని దిద్దుకునే మర. ఇప్పటికీ దుకాణాల్లో కనిపించే మాంసం కోత యంత్రాల్లో మూలసూత్రం అదే. రోస్ట్ బీఫ్ శాండ్‌విచ్ చరిత్ర రాసేవాళ్లు దుకాణాల పేర్లు, యజమానుల కథలు ఏకరువు పెడతారు గాని బెర్కెల్‌ను ఒక్క ముక్కలో దాటేస్తారు. నిజానికి అతని చక్రం లేకపోతే ఈ తిండి హోటల్ గడప దాటి వీధిలోకి వచ్చేదే కాదు.

అమెరికాలో ఒక్కో ఊరు ఈ శాండ్‌విచ్‌ను తనకు తోచిన దారిలో చేసుకుంది. అన్నిటిలోకీ షికాగో కథ పొదుపు తెలిసిన మనుషుల కథ. ఆ నగరంలో యూనియన్ స్టాక్ యార్డ్స్ అనే మహా పశువుల సంత 1865 క్రిస్మస్ నాడు తెరుచుకుని 1971 దాకా నడిచింది. దాని చుట్టూ పుట్టిన కసాయి పరిశ్రమలో ఎందరో వలస కూలీలు పనిచేశారు. మంచి కండలు పెద్దవాళ్ల బల్లల మీదికి పోతే, గట్టి కండలు పేదల చేతికి వచ్చేవి. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలు ఆ గట్టి కండను వెల్లుల్లి, ఒరేగానో లాంటి దినుసులతో కలిపి నీళ్లలో నెమ్మదిగా ఉడికించి, పొరలు పొరలుగా కోసి, అదే రసంలో ముంచి రొట్టెలో పెట్టుకునేవాళ్లు. పెళ్లిళ్లలో కొద్ది మాంసంతో వచ్చినవాళ్లందరి కడుపూ నింపడానికి ఇలా పలచగా కోయడం మొదలైందని అక్కడ చెప్పుకుంటారు. 1938లో మొదలైన ఆల్స్ దుకాణం ఈ 'ఇటాలియన్ బీఫ్'ను ఊరంతటికీ పరిచయం చేసిన పాత పేర్లలో ఒకటి. పైన వేసే జార్డినేరా మాత్రం తెలుగువాడి నాలుకకు వెంటనే పరిచయస్తుడిలా తగులుతుంది. పచ్చిమిరప, కాలీఫ్లవర్, క్యారెట్, సెలెరీ ముక్కలను నూనెలో ఊరబెట్టిన పచ్చడి అది. రసంలో నిలువునా ముంచిన శాండ్‌విచ్‌ను నిలబడి, మోచేతులు బల్ల మీద ఆనించి, చొక్కా మీద కారకుండా ముందుకు వంగి తినడం అక్కడి పద్ధతి.

బఫలో నగరానిది ఇంకో రుచి. అక్కడి జర్మన్ వలసదారుల రొట్టెకు 'కుమ్మెల్‌వెక్' అని పేరు. మన బిర్యానీలో పడే షాజీరాను పోలిన కారవే గింజలు, ముతక ఉప్పు దాని నెత్తిన అద్దుతారు. లోపల రోస్ట్ బీఫ్ పొరలు, వాటి మీద హార్స్‌రాడిష్ అనే ఘాటు వేరు తురుము. ఆవపిండి ముక్కులోకి కొట్టినట్టే అదీ కొడుతుంది. ఆ ఉప్పు దాహం పెంచి బీరు ఎక్కువ అమ్ముడయ్యేలా చేసేదని ఊరి జనం నమ్మకం.

లాస్ ఏంజెలెస్‌లో 1908లోనే మొదలైన రెండు పాత భోజనశాలలు, ఫిలిప్స్, కోల్స్, రసంలో ముంచిన 'ఫ్రెంచ్ డిప్' తమదంటే తమదని దశాబ్దాలుగా వాదించుకున్నాయి. ఫిలిప్స్ చెప్పే కథ ప్రకారం 1918లో మాంసం కాల్చిన పళ్లెంలోని రసంలో రొట్టె ఒకటి పొరపాటున పడింది. తినేవాడు దాన్నే ఇష్టపడ్డాడు. ఇది తేలే తగువు కాదు. ఫిలిప్స్‌లో గొర్రె మాంసంతోనూ ఇదే శాండ్‌విచ్ దొరుకుతుంది కనుక, బీఫ్ తినని ఇళ్లవాళ్లు ఈ పద్ధతిని ఎలా అనుసరించాలో ఆ బల్ల మీదే జవాబు ఉంది.

ఆర్బీస్‌కు దగ్గరి చుట్టం మాత్రం మసాచుసెట్స్ తీరంలో కనిపిస్తుంది. బోస్టన్‌కు ఉత్తరాన రెవెర్ బీచ్‌లో 1951లో కెల్లీస్ అనే దుకాణం మొదలైంది. పక్కనున్న హోటల్లో ఒక పెళ్లి విందు ఆగిపోతే మిగిలిన రోస్ట్ బీఫ్‌ను శాండ్‌విచ్‌లుగా అమ్మారని వాళ్ల పుట్టుక కథ. తర్వాత ఆ ప్రాంతమంతా ఇలాంటి దుకాణాలు వెలిశాయి. వాటిలో చాలావాటిని నడిపింది గ్రీస్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు. అక్కడ బల్ల దగ్గరికి వెళ్లి 'త్రీ వే' అంటే చాలు: బార్బెక్యూ సాస్, మయొనైజ్, చీజ్ మూడూ పడతాయి. గట్టి కండ, పలచని పొర, తీపీ పులుపూ కలిసిన సాస్, కరిగిన చీజ్. ఫాస్ట్‌ఫుడ్ రోస్ట్ బీఫ్ రూపురేఖలన్నీ అందులో ఉన్నాయి.

ఆర్బీస్ నిలదొక్కుకోగానే పోటీ వచ్చింది. 1967లో సెయింట్ లూయిస్ దగ్గర లయన్స్ చాయిస్ మొదలైంది. అదే ఏడు ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జాక్స్ అనే దుకాణం వచ్చి, చేతులు మారి, చివరికి రాక్స్ అయింది. 1968లో మారియట్ సంస్థ సినిమా కౌబాయ్ రాయ్ రోజర్స్ పేరుతో మరో వరస తెరిచింది. మెక్‌డొనాల్డ్స్ కూడా ఆ రోజుల్లోనే రోస్ట్ బీఫ్ శాండ్‌విచ్ అమ్మి చూసి మానుకుంది. దీని లెక్క హాంబర్గర్ లెక్కకు పూర్తిగా వేరు. మాంసం గంటల తరబడి కాలాలి, కాలుతున్నప్పుడు నీరు పోయి బరువు తగ్గుతుంది, కోత యంత్రానికి మనిషి కావాలి. నిమిషంలో పెనం మీద తిరగేసే ముద్దతో ఇది పోటీ పడలేదు. అందుకే ఇదొక్కటే పనిగా పెట్టుకున్నవాళ్లు నిలిచారు. రాఫెల్ సోదరులు 1976లో ఆర్బీస్‌ను రాయల్ క్రౌన్ కోలా కంపెనీకి అమ్మేశారు.

ఇక చీజ్. ఈ శాండ్‌విచ్‌లో చీజ్ సాస్ అంటే చాలామందికి చిన్నచూపు. అది తగదు. మామూలు చెడ్డార్ ముక్కను వేడి మాంసం మీద పెట్టి సెగ పెంచితే నూనె ఒక పక్క, తీగలు సాగే ముద్ద ఒక పక్క విడిపోతాయి. చీజ్‌లోని కేసిన్ ప్రోటీన్లను కాల్షియం బిగించి ఉంచుతుంది. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ సోడియం సిట్రేట్ కలిపి ఆ బిగింపు సడలించారు. అప్పుడు ప్రోటీన్లు కొవ్వు బిందువులను చుట్టి పట్టుకుంటాయి, చీజ్ విరగకుండా కరుగుతుంది. 1916లో జేమ్స్ క్రాఫ్ట్ అమెరికాలో తన ప్రాసెస్డ్ చీజ్‌కు పేటెంట్ తీసుకున్నాడు. పొయ్యి మీద గంటల పాటు ఉన్నా విరగని పసుపు సాస్ వెనుక ఉన్నది ఆ పరిశోధనే. చెడ్డార్‌కు నారింజ రంగు తెచ్చే గింజలు కూడా మనకు తెలిసినవే: ఆంధ్ర ప్రాంతంలో జాఫ్రా అని పిలిచేవి. పచ్చగడ్డి మేసే కాలంలో పాలకు వచ్చే పసుపు ఛాయ మిగతా కాలంలోనూ కనిపించాలని ఇంగ్లండ్‌లో ఈ రంగు వేయడం మొదలుపెట్టారు.

ఈ చరిత్ర తెలిస్తే ఇంట్లో చేయడం సులువు. కిలో, కిలోన్నర తొడ కండకు ముందురోజే ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఓవెన్‌ను 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి నెమ్మదిగా కాల్చాలి. గడియారాన్ని కాదు, మాంసం నడిమధ్యకు గుచ్చిన థర్మామీటరును నమ్మాలి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సురక్షిత ఉష్ణోగ్రత 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విరామం. కాలిన వెంటనే కోయకూడదు. చాలామంది ఇళ్లలో దెబ్బతినేది ఇక్కడే. చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, కోసే ముందు అరగంట ఫ్రీజర్‌లో పెడితే కండ బిగుసుకుని, యంత్రం లేని ఇంట్లోనూ పదునైన పొడవాటి కత్తికి లొంగుతుంది. పోగులు ఎటు పోతున్నాయో చూసి వాటికి అడ్డంగా, వెలుతురు కనిపించేంత పలచగా కోయాలి.

పళ్లెంలో మిగిలిన రసానికి కొంచెం నీళ్లు చేర్చి వేడిచేసి, మరగనివ్వకుండా, పొరలను అందులో అర నిమిషం ముంచి తీయాలి. ఎక్కువసేపు ఉంచితే మళ్లీ గట్టిపడతాయి. సాస్‌కు 225 గ్రాముల చెడ్డార్ తురిమి ఒక చెంచా మొక్కజొన్న పిండిలో కలిపి, 350 మిల్లీలీటర్ల ఎవాపరేటెడ్ మిల్క్‌లో సన్నని సెగ మీద కలియబెట్టాలి. సోడియం సిట్రేట్ లేకపోయినా, చిక్కబడ్డ పాలలోని ప్రోటీన్లూ పిండీ కలిసి కొవ్వు విడిపోకుండా చూస్తాయి. టమాటో కెచప్‌లో వెనిగర్, కొంచెం పంచదార, ఉల్లి పొడి, కారం కలిపితే పుల్లని ఎర్ర సాస్ సిద్ధం. ఉల్లి చల్లిన బన్ను దొరికితే మంచిది, లేకుంటే మామూలు బన్నును వెన్నతో కాల్చుకోవచ్చు. పొరలను దొంతరగా పేర్చకుండా, నలిపిన కాగితంలా వదులుగా కుప్ప పోస్తే మధ్యలోని ఖాళీల్లోకి చీజ్ దిగుతుంది. అన్నీ పెట్టాక దుకాణాల్లో చేసినట్టే రేకు కాగితంలో చుట్టి రెండు నిమిషాలు వదిలేస్తే, లోపలి ఆవిరికి బన్ను మెత్తబడి మాంసాన్ని అంటిపెట్టుకుంటుంది.